మిగతా తొంభై ఆరు చేపలు

కడమత్ దీవి, లక్షద్వీప్
22 జనవరి 2001

బోధన్ పట్టణంలో ఒకటి నుంచి మూడో తరగతి వరకు బెత్తంతో పాలించే గంగుబాయి టీచరమ్మ సముఖానికి, తమ్ముడు రామ్‌దాస్ తడి చేతులతో రాసుకుంటున్న విన్నపం.

అక్కా,

నేను క్షేమం. అంటే జాడీలో ఉప్పులో ఊరిన ఉసిరికాయ ఎంత క్షేమమో అంత. ఎమ్మెస్సీ చదివి మీ తమ్ముడు ఏం వెలగబెడుతున్నాడని భీమన్న హోటల్లో ఎవరైనా అడిగితే, సముద్రంలో మునిగి చేపల తోకలు కత్తిరిస్తున్నాడని చెప్పు. అబద్ధం కాదు. కత్తెర గవర్నమెంటుదే.

వివరం ఇది. ఇక్కడ నీళ్ల కింద పగడపు గుబుర్లు ఉంటాయి, ఒక్కోటి మన చెరుకు దుబ్బంత. ఒక్కో గుబురులో బొటనవేలంత చేపలు ఇరవై ముప్ఫై కాపురముంటాయి. తెల్లటి ఒంటి మీద మూడు నల్ల పట్టీలు. మనిషి నీడ పడితే చాలు, బాపు సైకిలు బెల్లు విన్న మనలాగా అన్నీ ఒకేసారి లోపలికి దూరతాయి.

వీటికి పుట్టిన చోటు ఒకటి, బతికే చోటు ఒకటి. గుడ్లకు తండ్రి చేప మూడు రోజులు కాపలా కాస్తుంది. పిల్లలు బయటికి వచ్చిన పూటే కెరటం ఎత్తుకుపోతుంది. కంటికి ఆనని పిల్లలు, ఇరవై నాలుగు రోజులు నడిసముద్రంలో. ఎటు పోతాయో ఎవరూ చూడలేదు. లక్షకు ఒకటి బతికితే, అది ఏదో ఒక పగడం వాసన పట్టుకుని వచ్చి దిగుతుంది. మా ప్రొఫెసరు గారి ప్రశ్న ఒక్కటే: ఒక గుబురులో కలిసి బతుకుతున్న ఈ ముప్ఫై చేపలు ఒకదానికొకటి ఏమవుతాయి? ఒక తల్లి పిల్లలా, దారిన పోయేవాళ్లా? తోక చివర గోరంత ముక్క తీసి స్పిరిట్ సీసాలో వేస్తాం. సీసాలు ఓడెక్కి కొచ్చికి పోతాయి. అక్కడ మిషను చుట్టరికాలు తేలుస్తుంది.

అన్నట్టు మీ బడి లెక్కల సారు లింబయ్య గారి లెక్క ఎంతవరకు వచ్చింది? దసరా సెలవుల్లో ఆయన పేరు చెప్పినప్పుడు నీ చెవులు ఎర్రబడ్డాయి. బాపుతో చెప్పావా? ఫోన్ మాత్రం చేయకు. ఇక్కడ దీవి మొత్తానికి ఒక్క టెలిఫోన్ బూత్, అక్కడ భీమన్న హోటల్లో ఫోను. నీ పెళ్లి రెండు రాష్ట్రాల వాళ్లు వింటారు.

ఇట్లు
తోకల శాఖ ఉద్యోగి
రామ్‌దాస్

*

బోధన్
12 ఫిబ్రవరి 2001

తమ్మీ,

నీ ఉత్తరం పద్దెనిమిది రోజులకు చేరింది. ఉప్పు వాసన వస్తోంది. ఫ్యాక్టరీ ఆడుతోంది కాబట్టి ఇక్కడ అన్నింటికీ బెల్లం పాకం వాసనే, నీ ఉత్తరం ఒక్కటే వేరుగా ఉంది. చెరుకు బండ్లు మన ఇంటి దాకా నిలబడుతున్నాయి. బడికి పోవాలంటే ఎడ్ల మధ్య నుంచి పోవాలి.

బాపుతో చెప్పాను. కోపం చేయలేదు. కూర్చోమని, ఒక్కొక్కటే అడిగాడు. పిల్లగాని తండ్రి పేరు? ఎర్రన్న. ఊరు? మెండోర, పసుపు పండిస్తారు. అప్పుడు బాపు, “మెండోరకు రాకముందు ఏడుండె బిడ్డా ఆళ్లు?” అన్నాడు.

పోచంపాడ్ దగ్గర శ్రీరాంసాగర్ కట్ట కట్టినప్పుడు మునిగిన మన ఊరే వాళ్లదీ. ఆ ఊరి వాళ్లు తలో దిక్కు పోయారని నీకు తెలుసు. మనం ఇటు బోధన్ చెరుకులోకి, వాళ్లు అటు మెండోర పసుపులోకి. నాకది మంచి మాటే అనిపించింది. ఒకే ఊరివాళ్లమని బాపు సంతోషిస్తాడనుకున్నాను.

మూలన కూర్చున్న హన్మవ్వ నోరు విప్పింది. బాపుకు మేనత్త కదా, ఆ ఊరిని ఎరిగిన మనిషి మనకు ఆమె ఒక్కతే మిగిలింది. “ఎర్రన్నోళ్ల తాత సచ్చినప్పుడు మనోళ్లు పది రోజులు ముట్టుడు వట్టిండ్రు. మా అన్న గుండు జేయించుకున్నడు. నేను సూసిన. ఆళ్లు మన పాలోళ్లు” అంది.

ఇంటిపేర్లు వేరు కదా అన్నాను. “ఊరు మునుగుతుంటే కాయితం రాసెటోడు ఏది రాస్తే గదే ఇంటిపేరు. ఆ గడబిడల ఎవడడిగిండు?” అంది.

పాలోళ్లంటే ఒక మూలపురుషుని సంతానం, ఒకరు పోతే అందరికీ ముట్టుడు, చావు మైల. లింబయ్య నాకు అన్న అవుతాడు. రేపు బడిలో ఆయన్ని చూడాలి.

లింబయ్య వాళ్ల ఇంట్లో చెప్పే మాట వేరు. రెండిళ్లూ ఎదురెదురుగా ఉండేవట, నాగలి పొత్తు ఉండేదట, ఆ స్నేహానికి మన తాత గుండు చేయించుకున్నాడట. ఏది నిజమో చెప్పే ఊరు నీళ్ల కింద ఉంది.

నీ మిషను తేలుస్తుందా? ఇద్దరి వెంట్రుకలు పంపితే చూస్తావా? నవ్వకు.

అక్క

*

కడమత్
3 మార్చి 2001

అక్కా,

నవ్వలేదు. ఒక్కసారి నవ్వాను, తర్వాత ఆపేశాను.

వెంట్రుకలు పంపకు. గోళ్లు పంపకు. మా మిషనుకు ఈ మూడు పట్టీల చేప తప్ప ఇంకో జీవితో పరిచయం లేదు. నీ వెంట్రుక వేస్తే నువ్వు బాపు కూతురివి కూడా కావని తేలుస్తుంది. పైగా అది తల్లీపిల్లల్ని, తోడబుట్టిన వాళ్లని పట్టుకుంటుందే గానీ, ఐదు తరాల కింద ఎవరి ముత్తాత ఎవరి ముత్తాతకు ఏమయ్యేవాడో చెప్పదు. అంత దూరం పోయాక నెత్తురు చాలా పలచనైపోతుందక్కా. నిజానికి ఆ లెక్కన చూస్తే, ఆ ఊళ్లో ఎవరికి ఎవరు ఎంత పరాయివాళ్లో లింబయ్య సారు నీకు అంతే.

హన్మవ్వ చిన్నప్పుడు చూసిన గుండు మీద నీ బతుకు ఆగడం ఏమిటక్కా? గుండును సాక్షిగా ఏ కోర్టూ ఒప్పుకోదు. తిరపతి బస్సు దిగినవాళ్లందరూ మనకు పాలోళ్లే అవుతారు అప్పుడు.

మా పనిలో ఇది రెండో విడత. వంద తోకలు కొచ్చికి పోయాయి. ఇక్కడి వంటాయన రోజూ ట్యూనా చేప వండుతున్నాడు. వారమంతా చేపలకు వైద్యం చేసినట్టు చేసి, సాయంత్రం వాటి పెద్దమ్మను తినడం నాకు కొంచెం మొహమాటంగా ఉంది.

నేను బాపుకు ఏమన్నా రాయనా?

రామ్‌దాస్

*

బోధన్
24 మార్చి 2001

తమ్మీ,

రాయి. అది అడగడానికే ఈ ఉత్తరం.

బాపు వద్దనలేదు. అవుననలేదు. లింబయ్య రెండుసార్లు ఇంటికి వచ్చాడు, రెండుసార్లూ బాపు చాయ్ పోయించి పంటల సంగతి మాట్లాడాడు. తేల్చలేక తిరుగుతున్నాడు. మొన్న భీమన్న హోటల్లో అన్నాడట, “మా పిల్లగాడు సముద్రంల చేపల వంశాలు దీస్తుండు. ఆడు జెప్తే ఇంటా” అని. భీమన్నే వచ్చి చెప్పాడు, నవ్వుతూ.

కాబట్టి నువ్వు రాస్తే అదే తీర్పు. అంత దూరం పోయాక నెత్తురు పలచనవుతుందని నాకు రాశావు చూడు, అదే బాపుకు రాయి. ఒక్క పేజీ చాలు. జోకులు వద్దు. నేనే చదివి వినిపిస్తాను.

లింబయ్య ఇంకో బడిలో చేరతానంటున్నాడు, ఇది తేలకపోతే. వాళ్ల నాయనకు ఒంట్లో బాగుండడం లేదు, ఆయన ఉండగానే పెళ్లి కావాలని వాళ్ల తొందర. నేను రోజూ పోతున్నాను, అటెండెన్స్ తీస్తున్నాను, ఎక్కాలు చెప్పిస్తున్నాను. నోరు దానంతట అదే చెప్తోంది.

అక్క

*

కడమత్
26 ఏప్రిల్ 2001

(అక్కా, ఇది బాపుకు చదువు. వానాకాలానికి ముందు దొరికిన ఓడ ఇదే అంటున్నారు.)

పూజ్యులైన బాపుకు, రామ్‌దాస్ నమస్కరించి రాయునది.

బాపూ, నేను బాగున్నాను. నువ్వు మోకాలికి నూనె రాసుకుంటున్నావని తలుస్తాను. హన్మవ్వకు నా దండాలు.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. మేము వంద చిన్న చేపల తోకలు కొచ్చికి పంపాము, ఏది దేనికి చుట్టమో తేల్చడానికి. ఇవి గుడ్డు నుంచి వచ్చిన పూటే కెరటానికి కొట్టుకుపోయిన పిల్లలు. ఇరవై నాలుగు రోజులు నడిసముద్రంలో తిరిగినవి. అంత నీళ్లలో, అన్ని రోజుల్లో ఒక తల్లి పిల్లలు ఒక్కచోట ఉండగలవా? ఉండవనే పెద్ద పెద్ద పుస్తకాలన్నీ చెప్పాయి. గుప్పెడు ఆవాలు వరదలో పోస్తే రెండు గింజలు ఒకే గట్టుకు చేరతాయా?

చేరాయి బాపూ. ఒకే గుబురులో నాలుగు చేపలు ఒక తల్లి పిల్లలని తేలింది. కొచ్చి నుంచి కాగితం వచ్చిన రోజు మా ప్రొఫెసరు గారు లుంగీ మీదే పడవ దాకా పరిగెత్తారు. ఎలా కలిసి ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఒకదాని వాసన ఒకటి పట్టుకున్నాయేమో. ఒకే పాయలో చిక్కుకున్నాయేమో. ఒకచోట నుంచి బయల్దేరినవి, దిక్కులేని నీళ్లలో అన్ని రోజులు తిరిగి, చివరికి ఒక్క దుబ్బులోనే దిగాయి. నేను వాటిని మళ్లీ పోయి చూశాను. పక్కపక్కనే మేస్తున్నాయి. తమకు తెలుసో తెలియదో. తోక చివర నా కత్తెర గాటు నాలుగింటికీ ఒక్కలాగే ఉంది. ఇన్నాళ్ల చదువుకు ఇదొక్కటి చూడడం చాలనిపించింది.

ఆ నాలుగింటిలో ఒకటి కొంచెం కుంటిది. మిగతావి దానికోసం ఆగుతాయని నాకనిపించింది, ప్రొఫెసరు గారు అది సైన్సు కాదన్నారు.

మిగతా తొంభై ఆరు చేపలు ఒకదానికొకటి ఏమీ కావు, వట్టి ఇరుగుపొరుగు.

ఇదంతా ఎందుకు రాశానో నీకు తెలుసు బాపూ. నువ్వే ఆలోచించు.

నీ కొడుకు
రామ్‌దాస్

*

బోధన్
31 మే 2001

తమ్మీ,

నీ ఉత్తరం మే 16న వచ్చింది. బడికి సెలవులు. దీవి ముద్ర చూసి భీమన్న పోస్ట్‌మన్ వెంటే వచ్చి కూర్చున్నాడు. బాపు హన్మవ్వను మంచం మీద లేపి కూర్చోబెట్టాడు. నేను నిలబడి చదివాను. ముందు లోపలికి పోయి ఒకసారి చూసుకుని ఉండాల్సింది. నువ్వు నేను చెప్పినట్టే రాసి ఉంటావనుకున్నాను.

నాలుగు చేపల దగ్గర హన్మవ్వ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. “సూసినవా సాయన్నా, యాడ దేలినయో యాడ దిరిగినయో, మల్ల ఒక్కకాడికే అచ్చినయి. ఒక్క బడిలకే అచ్చిండ్రు ఈళ్లు గూడ” అంది బాపుతో. బాపు మోకాలు నిమురుకున్నాడు. తర్వాత భీమన్నతో, “పిల్లగాడు సిగ్గువడి చేపల మీద వెట్టి రాసిండు. అక్క పెండ్లి ముచ్చట తమ్ముడు సీదా ఎట్ల రాస్తడు?” అన్నాడు.

తొంభై ఆరు లైను చదివాను. భీమన్న అప్పటికే లేచి మాట్లాడుతున్నాడు. ఇంకోసారి గట్టిగా చదివాను. “ఆ సరే. కాయితం పైలంగ వెట్టు బిడ్డా” అన్నాడు బాపు. ఆయన గొంతులో కోపం లేదు. తేలిపోయిందన్న నిమ్మళం ఉంది.

నాలుగింటికి ఒకటిన్నర పేజీ రాశావు. తొంభై ఆరింటికి ఒక్క లైను, చివర ఇరుకులో. నెత్తురు పలచనవుతుందన్న మాటే లేదు. ముఖ్యమైనది ముందు రాయమని నేను మూడో తరగతి పిల్లలకు చెప్తాను.

24వ తారీఖున ఎర్రన్న పోయాడు. లింబయ్య మేనమామ రామాలయం దగ్గర బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఎండకు చెప్పులు అంటుకుంటున్నాయి. గేటు దగ్గరే నిలబడి, “ఎర్రన్న పోయిండు. జెప్పి పోదామని అచ్చిన” అన్నాడు. ఏ వరసన చెప్పడానికి వచ్చాడో అనలేదు. బాపు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. నల్లా కింద నేను వంటకు పట్టిన బిందె ఉంది. దాన్ని ఎత్తి, చొక్కా విప్పకుండా, తల మీద గుమ్మరించుకున్నాడు.

అంతే తమ్మీ. ఇంక దానిమీద మాట లేదు. ఒకసారి తానం చేశాక పాలోళ్లమే. నేను బిందె మళ్లీ నింపి పెట్టాను.

ఇవాళ ఎనిమిదో రోజు. ఇంట్లో దీపం లేదు, పోపు లేదు. ఆయన చెల్లెలి వరసన ముట్టుడులో ఉన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. మధ్యాహ్నం నిద్ర బాగా పడుతోంది.

బాపు చెప్పమన్న మాట: “తమ్మునికి రాయి. ఇన్నంక తల మీదికెంచి తానం జేయుమను. ఇంటికి ఒక్కడే కొడుకు, ఆడు జేస్తేనే ముట్టుడు తెగుతది.”

అక్క

*

కడమత్
17 జూన్ 2001

కాబోయే పెళ్లికూతురికి, పెళ్లికూతురి తమ్ముడి హోదాలో రాయడమైనది.

అక్కా,

వాన. ఓడ లేదు, ఫోను మూగ. ఈ ఉత్తరం సంచిలో ఎన్నాళ్లుంటుందో తెలియదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే నాకు ఆగడం లేదు. బాపుకు నా ఉత్తరం చేరి నెల అయింది. ఆయన మెత్తబడే ఉంటాడు. సూటిగా చెప్పకుండా ఎంత సొగసుగా చెప్పానో చూశావా? ముహూర్తం ఎప్పుడు?

బావతో చెప్పు, నేను వచ్చేదాకా పెళ్లి చేసుకోకూడదు. పెళ్లికూతురి తమ్ముణ్ని కాబట్టి అలిగే హక్కు నాకుంది. బావకు లెక్కలు వస్తాయి గానీ ఈత వస్తుందా? రాకపోతే శ్రీరాంసాగర్ కట్ట మీద నేనే నేర్పుతాను. మునిగిన మన ఊరి మీదుగా ఈదుకుంటూ పోయి, హన్మవ్వ చెప్పిన ఇల్లు, బావ వాళ్ల ఇల్లు, మధ్యలో సందు కొలిచి వస్తాం. బావకు నా నమస్కారాలు. వాళ్ల నాయనకు ఇప్పుడు ఎలా ఉంది?

రామ్‌దాస్

*

కడమత్
30 ఆగస్టు 2001

అక్కా,

పోయిన వారం ఓడ వచ్చింది. మూడు నెలల టపా ఒకే సంచిలో వచ్చింది. నాకు నాలుగు ఉత్తరాలు, అందులో నీదొకటి. ముందు మిగతా మూడూ చదివాను. నీది దాచుకుని తీరిగ్గా చదువుదామనుకున్నాను, శుభలేఖ అనుకుని.

ఎందుకలా రాశానో చెప్పడానికి వారం నుంచి ప్రయత్నిస్తున్నాను. ఆ నాలుగు చేపల్ని చూసే ప్రొఫెసరు గారు పరిగెత్తారు. ఆ నాలుగింటి మీదే పేపరు రాస్తున్నారు. మిగతా తొంభై ఆరు పరాయివని అందరికీ ముందే తెలుసు, అలాగే ఉంటుంది కాబట్టి. తెలిసినదాని గురించి ఎవరూ పేజీలు పేజీలు రాయరక్కా. బాపుకు అది తెలియదని నాకు తోచలేదు. తొంభై ఆరే అసలు సంగతి. నాలుగు వింత. వింతను ముందు పెట్టి, అసలును చివర్లో తోశాను. బాపుకు నీ పెళ్లి గురించి సూటిగా రాయడానికి సిగ్గుపడ్డది కూడా నిజమే. అదొక్కటి ఆయన సరిగ్గానే కనిపెట్టాడు.

తానం చేయలేదు.

నీ ఉత్తరం చదివాక నీళ్ల జోలికే పోలేదు. తల తడవకుండా ఐదు రోజులున్నాను. కడుపులో బాగాలేదని చెప్పాను. చేప పిల్లలు దిగే రోజులివి, లెక్క తప్పిపోతోందని ప్రొఫెసరు గారు గోడకేసి మాట్లాడారు. నేను చేయకపోతే మనం వాళ్లకు ఏమీ కానట్టే అని ఏదో అనుకున్నాను. ఇక్కడ గట్టు మీద కూర్చున్న నా తల పొడిగా ఉందో తడిగా ఉందో అక్కడ ఎవరికి తెలుస్తుంది?

ఆరో రోజు దిగాను. పని ఉంది కాబట్టి దిగాను. తల మునిగింది. ఇది లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియదు.

గుబుర్లన్నీ చూశాను. ఆ నాలుగు చేపల్లో రెండు లేవు. పెద్ద చేప ఏదో తినేసి ఉంటుంది. పలక మీద రెండు అని రాసుకున్నాను.

బాపుకు నేను మళ్లీ రాస్తాను. ఈసారి తొంభై ఆరు ముందు రాస్తాను. ఉపయోగం ఉందంటావా?

రామ్‌దాస్

*

బోధన్
21 సెప్టెంబర్ 2001

తమ్మీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ఆగస్టుది ముందు చదివాను, జూన్‌ది తర్వాత. బావ అని నాలుగుసార్లు రాశావు.

లింబయ్య బడి మారలేదు. మారాల్సిన అవసరం లేదు కదా ఇప్పుడు. గుండు మీద జుట్టు వచ్చింది. నన్ను చెల్లె అని పిలవడు. టీచర్ అని కూడా పిలవడు. చాక్‌పీసుల డబ్బా కావాలంటే వచ్చి నిలబడతాడు, నేను ఇస్తాను. అలా అలవాటైంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

బాపు వర్ని వైపు ఒక సంబంధం చూశాడు. మంచివాళ్లేనట. దసరాకు చూడ్డానికి వస్తామన్నారు. నన్నెవరూ అడగలేదు.

నీ ఆగస్టు ఉత్తరం బాపుకు చదవక తప్పలేదు, భీమన్న మళ్లీ వచ్చి కూర్చున్నాడు. తొంభై ఆరు చేపల సంగతి చదివాను, నిదానంగా, పూర్తిగా. బాపు విన్నాడు. “గిప్పుడేమున్నది బిడ్డా, నెత్తి మీద నీళ్లు వోసుకున్న” అన్నాడు. అంతకంటే ఏమీ లేదు. నీకు మళ్లీ రాయాల్సిన పని లేదు.

తానం చేయలేదన్న లైను కూడా చదివాను. అక్కడ హన్మవ్వ లేచి కూర్చుంది.

“జేయలేదా?” అంది.

“చేయలేదట” అన్నాను.

“ఇంటి కొడుకు తానం జేయకుంటే ముట్టుడు తెగినట్టెట్లయితది సాయన్నా? ఆ రోజు సంది గీ ఇల్లు ముట్టుడులనే ఉన్నది. ముట్టుడు ఇంట్ల పిల్లను జూపుతవా?”

బాపు తల పట్టుకున్నాడు. ఇట్లా అయితే పండుగ కూడా చేయకూడదన్నాడు. వర్ని వాళ్లకు కబురు పంపాడు, మా ఇంట్లో ముట్టుడు ఉంది, తెగినాక చెప్తాం, ఆగండి అని. ఎన్ని రోజులని వాళ్లు అడిగారట.

నీ ఆరో రోజు సంగతి నేను చదవలేదు. ఈసారి ఉత్తరం ముందే లోపలికి తీసుకుపోయి చూసుకున్నాను. ఐదు రోజుల దాకా చదివి, ఆ నాలుగు మాటలూ వదిలేసి, చేపల దగ్గర మళ్లీ అందుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు.

సముద్రంలో పనికి దిగడం తానం కాదు. అది నేను నిర్ణయించాను. బాపు అడిగితే నీకు అక్కడ మంచినీళ్లు దొరకడం లేదని చెప్తాను. వచ్చే ఏడు ఎండాకాలం దాకా రాకు. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. లింబయ్యతో ఇవేమీ చెప్పలేదు.

రోజూ దిగు, మునుగు, నీ చేపల్ని లెక్కపెట్టుకో. తానం మాత్రం చేయకు.

అక్క